నేపథ్యం

‘నేపథ్యం’ అన్న మాట మనకు నిత్యం వినబడుతూ ఉంటుంది. ‘ఎన్నికల నేపథ్యంలో’, ‘వర్షాల నేపథ్యంలో’ అని పత్రికలు వ్రాస్తాయి. చలనచిత్రాల్లో నేపథ్యగానం ఉన్నది. అయితే సంస్కృత నాటకాలు చదువుకున్నవారికి ఈ మాట మరొక అర్థంలో పరిచితం. నేపథ్యమంటే వేషం, అలంకారం; ఆ వేషం ధరించే చోటు, అంటే తెరవెనుక గది. నాటకప్రతిలో ‘నేపథ్యంలో’ అని సూచన ఉంటే, రంగస్థలంపై లేని పాత్ర లోపలినుంచి పలుకుతున్నదని అర్థం. ప్రేక్షకునికి మాట వినబడుతుంది, మనిషి కనబడడు. కథను ముందుకు నడిపే మాట తరచుగా అక్కడినుంచే వస్తుంది.

పాతికేళ్లకు పైగా తరగతిగదిలో ఈ మాటకు అర్థం చెబుతూ వచ్చిన నాకు, నా బల్లమీది కంప్యూటర్ దానిని మరొకసారి నేర్పింది. ఆ పాఠానికి నేను చెల్లించిన మూల్యం స్వల్పమే. నా తప్పుకు ఎక్కువ మూల్యం చెల్లించినవాడు వేరొక పిల్లవాడు. మీ వయసువాడే. అందుకే ఈ సంగతి మీకోసం వ్రాస్తున్నాను.

2020 మార్చిలో కరోనా మహమ్మారి కారణంగా దేశమంతటా విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఆ వేసవి గడిచాక పాఠాలు కంప్యూటర్ తెరమీదికి వచ్చాయి. నల్లబల్ల, సుద్దముక్క, ఎదుట అరవై ముఖాలు - వీటికి అలవాటుపడిన నాకు ఆ తెర ఎదుట కూర్చోవడం మొదట్లో పరాయి ఇంట భోజనానికి కూర్చున్నట్లుండేది. క్రమంగా అలవాటు పడ్డాను. గుంటూరులోని మా ఇంటికి అప్పటికే బ్రాడ్‌బ్యాండ్ తీగ ఉన్నది. నెలకు 100 జీబీ పరిమితి. అందులో దించుకొనేదీ ఎక్కించేదీ రెండూ లెక్కకు వస్తాయి. పరిమితి దాటితే సరఫరా ఆగదు కాని వేగం నత్తనడకకు దిగుతుంది. నాకూ, నా భార్యకూ ఆ కోటాలో ఏ నెలా సగం కూడా ఖర్చయ్యేది కాదు.

మా మేడమీది గదిలో ఒక కుటుంబం అద్దెకు ఉండేది. తల్లి ఇంటి దగ్గరే బట్టలు కుట్టేది. ఆమె కొడుకు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. వాడి కళాశాలలోనూ ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్నది ఒకే ఒక ఫోను. దానికి డేటా రీచార్జి చేయించడం ఆ తల్లికి భారంగా ఉన్నదని తెలిసి, మా వైఫై పాస్‌వర్డు నేనే కాగితంమీద వ్రాసి ఇచ్చాను. ఆ పిల్లవాడు మేడమెట్లమీద, సంకేతం బాగా అందేచోట కూర్చుని పాఠాలు వినేవాడు. నేను వరండాలోకి వస్తే లేచి నిలబడేవాడు. చదువుకొనే పిల్లవాడికి చేయూతనిచ్చానన్న తృప్తి నాకు ఉండేది. ఆ తృప్తిలో కొంత అహంకారం కూడా ఉన్నదని అప్పుడు తెలియలేదు.

ఆగస్టు మొదటివారంనుంచి నా పాఠం తెగిపోవడం మొదలైంది. పద్యం పాదం మధ్యలో నా గొంతు ఆగిపోతుంది. తెరమీద నా బొమ్మ కదలదు. “సార్, వినబడటం లేదు” అని పిల్లలు వ్రాస్తారు. తొమ్మిదో తేదీన సంస్థవారినుంచి సందేశం వచ్చింది: ఈ నెల పరిమితి ముగిసినది, వేగం తగ్గించడమైనది.

తొమ్మిది రోజుల్లో 100 జీబీ! ఇంతకుముందు నెలంతా కలిపినా అందులో సగం కాలేదే! ఇంట్లో కొత్తగా వచ్చిన మార్పు ఒక్కటే కనబడింది. నా మనసు నేరుగా మేడమెట్లమీదికి వెళ్లింది.

నేను ఆలోచించలేదు. లెక్క చూడలేదు. ఆ సాయంత్రమే పాస్‌వర్డు మార్చాను.

మర్నాడు ఉదయం పిల్లవాడు గుమ్మంలో నిలబడ్డాడు. “మాస్టారూ, వైఫై కలవడం లేదండి” అన్నాడు.

“నాకే సరిపోవడం లేదు బాబూ, కొన్నాళ్లు చూద్దాం” అన్నాను. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చి, “మాస్టారు గారూ, మావాడు ఏమైనా తప్పు చేశాడాండీ?” అని అడిగింది. లేదని చెప్పవలసిన చోట, “ఈ వయసు పిల్లలు పాఠాలని చెప్పి సినిమాలూ ఆటలూ చూస్తుంటారమ్మా, కాస్త కనిపెట్టి ఉండండి” అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి మేడమీద ఆమె గొంతు పెద్దదిగా వినబడింది. పిల్లవాడి గొంతు మాత్రం వినబడలేదు.

నెల ముగిసింది. సెప్టెంబరు ఒకటో తేదీన కొత్త కోటా వచ్చింది. ఇక నిశ్చింతగా పాఠం చెప్పవచ్చుననుకొని కూర్చున్నాను. పది నిమిషాలకే గొంతు ఆగింది. సాయంత్రం ఖాతా తెరిచి చూస్తే ఆ ఒక్కరోజులోనే 10 జీబీకి పైగా ఖర్చు కనబడింది. పాస్‌వర్డు నాకూ నా భార్యకూ తప్ప మూడో మనిషికి తెలియదు. దొంగ అనుకున్నవాడు ఊళ్లో లేనప్పుడు కూడా దొంగతనం జరిగితే, అనుమానించినవాడు తనవైపు చూసుకోక తప్పదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఫోను చేశాను. సంగతంతా విని, “నాన్నా, కంప్యూటర్ ముందు కూర్చో. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ - మూడు మీటలూ కలిపి నొక్కు” అన్నది.

నొక్కాను. టాస్క్ మేనేజర్ అనే ఒక పట్టిక తెరుచుకున్నది. నేను తెరిచిపెట్టినవి రెండే - ఒకటి పద్యాల ప్రతి, మరొకటి బ్రౌజర్. కాని ఆ పట్టికలో పేర్లు కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. నూరు దాటాయి. అన్నీ నా కంప్యూటర్‌లోనే, ఆ క్షణంలోనే పనిచేస్తున్నవి. ఒక్కటీ నేను పిలిచినది కాదు. తోలుబొమ్మలాట చూస్తున్న పిల్లవాడు తెర పక్కనుంచి తొంగిచూసి, లోపల దీపం దగ్గర ఎంతమంది చేతులు ఆడుతున్నాయో కనుగొన్నప్పుడు ఎంత విస్తుపోతాడో అంత విస్తుపోయాను.

“వీటినే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు అంటారు నాన్నా” అన్నది అమ్మాయి.

నేపథ్య ప్రక్రియలు! నేను పాతికేళ్లుగా చెబుతున్న మాట నా ఎదుటికే వచ్చి నిలబడింది.

ఆ రాత్రి మా అమ్మాయి చెప్పినది, ఆ తరువాత నేను చదివి తెలుసుకొన్నది కలిపి మీకు చెబుతాను. కంప్యూటర్ తెరమీద కిటికీలా కనబడేది ముందువరుస పని. మనకు కనబడకుండా జరిగేది నేపథ్యపు పని. గడియారాన్ని సరిచూసుకోవడం, కొత్త ఉత్తరాలు వచ్చాయేమో కనుక్కోవడం, వైరస్‌లను గుర్తించే జాబితాను తాజాపరచుకోవడం, నిర్వహణవ్యవస్థకు కావలసిన దిద్దుబాట్లను దించుకోవడం - ఇవన్నీ మన ఆజ్ఞకోసం ఎదురుచూడవు. వాటి వేళ వచ్చినప్పుడు అవే లేచి పని చేసుకొని మళ్లీ నిద్రపోతాయి.

ఇట్టి ప్రక్రియలకు యూనిక్స్ సంప్రదాయంలో ‘డీమన్’ అని పేరు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రాజెక్ట్ మాక్ బృందంవారు ఈ పేరు పెట్టారు. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త 1867లో ఒక ఊహ చేశాడు. రెండు గదుల మధ్య ఒక చిన్న తలుపు దగ్గర కంటికి కనబడని ఒక జీవి కూర్చుని, వడిగా వచ్చే అణువులను ఒకవైపుకూ మందంగా వచ్చేవాటిని మరొకవైపుకూ పంపుతూ ఉంటుందట. ఆ జీవిని తరువాతివారు ‘మాక్స్‌వెల్ డీమన్’ అన్నారు. అలసట లేకుండా, ఎవరికీ కనబడకుండా పనిచేసే ప్రక్రియకు ఆ పేరే తగినదని ప్రాజెక్ట్ మాక్ వారు భావించారు. ప్రాచీన గ్రీకు భావనలో ఈ మాటకు దుష్టశక్తి అనే అర్థం లేదు. మనిషికీ దేవతకూ నడుమ ఉండే ఒక శక్తి అని మాత్రమే. మన విక్రమార్కుని కథల్లోని బేతాళుడు తలచుకుంటే వచ్చి పని చేసిపెడతాడు. ఈ డీమన్‌ను తలచుకోవలసిన పని కూడా లేదు.

విండోస్ కంప్యూటర్లలో ‘సర్వీస్ హోస్ట్’ అనే పేరు పట్టికలో పదేపదే కనబడుతుంది. తెలియనివారు దానిని చూసి భయపడతారు. నిజానికది ఒక సత్రం వంటిది. అనేక సేవలు ఒక్కొక్కటీ సొంత ఇల్లు కట్టుకోకుండా ఆ పేరు కింద బస చేస్తాయి. సత్రం ఎక్కువ నీళ్లు వాడుతున్నదంటే సత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు. లోపల ఏ గదిలో ఎవరు దిగారో చూడాలి. అట్లా బస చేసే సేవల్లో ఒకటి 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు వచ్చింది. దిద్దుబాట్లను దించుకోవడం దాని పని. మనం అంతర్జాలాన్ని వాడుతున్నంతసేపూ అది పక్కకు తప్పుకొని, దారి ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా మోసుకొస్తుంది. పెద్దలు భోంచేసి లేచాక తాను విస్తరి వేసుకొనే ఇంటి ఇల్లాలివంటి సేవ అది. 2015లో వచ్చిన విండోస్ 10లో మరొక ఏర్పాటు చేశారు. ఒక కంప్యూటర్ దించుకొన్న దిద్దుబాటు ముక్కలను, అమరికలో అనుమతి ఉంటే, ఇతర కంప్యూటర్లకు కూడా అది పంచిపెడుతుంది. అంటే మన కోటాలో కొంత మనకు తెలియకుండానే ఇరుగుపొరుగుకు పోవచ్చు.

ఇక బ్యాండ్‌విడ్త్ అనే మాట. నేను కాలువకింద ఊళ్లో పుట్టినవాణ్ణి గనుక నాకు అది కాలువ పోలికలోనే బోధపడింది. కాలువ వెడల్పునుబట్టి ఒక సెకనులో ఎంత నీరు పారగలదో నిర్ణయమైనట్లే, తీగలో సెకనుకు ఎన్ని బిట్లు పారగలవో నిర్ణయమై ఉంటుంది. అదే బ్యాండ్‌విడ్త్. నెలకు ఇన్ని జీబీలన్న పరిమితి వేరు; అది చెరువులోని మొత్తం నీటివంటిది. ఒకటి వేగానికి కొలత, మరొకటి రాశికి కొలత. వేగాన్ని బిట్లలోనూ, రాశిని బైట్లలోనూ చెబుతారు. ఒక బైటుకు 8 బిట్లు. ఈ తేడా తెలియక లెక్కలు తప్పేవారు అనేకులు. పైగా కాలువకు రెండు దారులున్నాయి. బయటినుంచి మనవద్దకు వచ్చేది దిగువదారి, మనవద్దనుంచి బయటికి వెళ్లేది ఎగువదారి. అనేక ఇళ్లలోవలెనే మా ఇంటి తీగలోనూ ఎగువదారి ఇరుకు - సెకనుకు 4 మెగాబిట్లు మాత్రమే. పాఠం చెప్పే మాస్టారి గొంతూ బొమ్మా వెళ్లవలసినది ఆ ఇరుకు దారిలోనే.

“పట్టికలో పైన నెట్‌వర్క్ అని ఉంది కదా, దానిమీద ఒకసారి నొక్కు నాన్నా. ఎవరు ఎక్కువ వాడుతుంటే వాళ్లు పైకి వస్తారు” అన్నది అమ్మాయి.

నొక్కాను. ఒక పేరు అన్నింటికంటే పైకి వచ్చి నిలిచింది. అది వైరస్ కాదు, పరాయివాడు కాదు. నా దస్త్రాలకు నకళ్లు తీసి దూరాన క్లౌడ్‌లో భద్రపరచే ప్రోగ్రాం. అమ్మాయే నాకోసం ఏడాది చందా కట్టింది. ఎదురుగా ఉన్న అంకె సెకనుకు 4 మెగాబిట్ల దగ్గర ఊగుతున్నది. మా ఇంటి ఎగువదారి మొత్తం దానికే సరిపోతున్నది!

“ఏం పంపిస్తోంది అది?” అన్నాను.

“నువ్వు ఈమధ్య పెద్ద ఫోల్డర్ ఏదైనా డెస్క్‌టాప్ మీద పెట్టావా?”

నా గుండె గతుక్కుమన్నది. పెట్టాను. నా పరిశోధన రోజులనుంచి పోగుచేసిన తాళపత్రాల, పాత ముద్రణల ఛాయాచిత్రాలు. రెండు పాత హార్డ్‌డిస్కుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నవాటిని లాక్‌డౌన్ తీరికలో ఒకచోట చేర్చుకొన్నాను. జూలై ఆఖరున అవన్నీ డెస్క్‌టాప్ మీదికి తెచ్చాను. అప్పుడే తెరమీద ఒక ప్రశ్న ప్రత్యక్షమైంది: మీ డెస్క్‌టాప్‌ను భద్రపరచమంటారా? పూర్తిగా చదవకుండానే ‘సరే’ మీద నొక్కి, ఆ సంగతే మరిచిపోయాను. సేవకుడికి ఆజ్ఞ ఇచ్చినవాణ్ణి నేనే. ఆజ్ఞ మరిచినవాణ్ణీ నేనే. వాడు మాత్రం మరవలేదు.

కాగితం కలం తీసుకొని లెక్క వేశాను. ఈ లెక్క నెల రోజుల ముందు వేయవలసినది. చిత్రాలు సుమారు 24,000. ఒక్కొక్కటి సుమారు 5 మెగాబైట్లు. మొత్తం 1,20,000 మెగాబైట్లు, అంటే 120 జీబీ. నెల పరిమితికంటే ఎక్కువ. దానిని బిట్లలోకి మారిస్తే 9,60,000 మెగాబిట్లు. సెకనుకు 4 చొప్పున 2,40,000 సెకన్లు. అంటే సుమారు 67 గంటలు. నా కంప్యూటర్ రోజుకు ఆరేడు గంటలు తెరిచి ఉంటుంది. మా పాఠాల ఖర్చు కూడా కలుపుకొంటే తొమ్మిదో తేదీకి పరిమితి దాటడంలో వింత ఏమీ లేదు. వేగం తగ్గినప్పుడు మిగిలినది నిలిచిపోయింది. సెప్టెంబరు ఒకటిన తూము ఎత్తగానే మళ్లీ పారడం మొదలుపెట్టింది.

ఆ లెక్కలో మేడమీది పిల్లవాడికి చోటే లేదు.

కాగితం ముందుపెట్టుకొని కూర్చున్నప్పుడు మా నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. మా ఊరు రేపల్లె దాపున, కృష్ణా పశ్చిమ డెల్టాలో. మాది కాలువ చివరి ఆయకట్టు. ఎగువవాళ్లకు తడిసిన తరువాత మాకు వచ్చేది. నాకు పన్నెండేళ్ల వయసులో ఒక ఏడు, మా వంతు రోజున తూమునుంచి నీరు సరిగానే బయలుదేరుతున్నా మా మడికి చేరేసరికి సగమయ్యేది. పక్కచేను బాబాయి రాత్రివేళ బోదెకు గండి కొడుతున్నాడని ఊళ్లో ఇద్దరు ముగ్గురు అన్నారు. మా పెదనాన్న అయితే కర్ర తీసుకొని బయలుదేరబోయాడు. నాన్నగారు ఆపారు. ఆ రాత్రి లాంతరు పట్టుకొని నన్ను వెంటబెట్టుకొని తూము దగ్గరనుంచి మా మడిదాకా గట్టు వెంబడి అడుగడుగూ నడిచారు. మధ్యదారిలో గట్టు అడుగున ఎండ్రకాయలు చేసిన బొరియలు కనబడ్డాయి. ఒకటి కాదు, పది పన్నెండు. వాటిలోనుంచి నీరు చప్పుడు లేకుండా పక్క పుంతలోకి పోతున్నది. నాన్నగారు మోకాళ్లమీద కూర్చుని గడ్డీ మట్టీ కలిపి ఒక్కొక్క బొరియనూ కూరారు. లేచి చేతులు కడుక్కుంటూ, “ముందు గట్టు నడిచి చూడాలిరా. మనిషిమీద మాట తర్వాత” అన్నారు.

ఆ మాట విన్న పిల్లవాడు పెద్దవాడై, కావ్యాలు చదివి, డాక్టరేటు పట్టా పుచ్చుకొని, గట్టు నడవకుండానే మనిషిమీద మాట అన్నాడు.

మర్నాడు ఉదయం మేడ ఎక్కాను. ఆ మెట్లు ఎక్కడం సులువు కాలేదు. తల్లి కుట్టుమిషను ఆపి లేచింది. “అమ్మా, మీ అబ్బాయిమీద నేను అన్న మాట తప్పు. డేటా ఖర్చు చేసింది నా కంప్యూటరే. తెలుసుకోకుండా అన్నాను, క్షమించండి” అన్నాను. ఆమె నొచ్చుకొని, “అయ్యో, పెద్దవారు మీరు అంతమాట అనకండి” అన్నది. పిల్లవాడు గోడవారగా నిలబడి ఉన్నాడు. “బాబూ, నీకు కూడా చెబుతున్నాను” అన్నాను. “పర్లేదు మాస్టారూ” అన్నాడు. కాని కళ్లు ఎత్తలేదు.

ఆ మూడు వారాలూ వాడు పాఠాలు ఎట్లా విన్నాడని అడిగాను. రెండు వీధుల అవతల స్నేహితుని ఇంటి అరుగుమీద కూర్చుని వినేవాడట. ఆ ఇంట్లో ఎవరికో జ్వరం రావడంతో అక్కడికీ పోవడం మానేశాడట. భౌతికశాస్త్రంలో రెండు అధ్యాయాలు, గణితంలో ఒకటి పూర్తిగా తప్పిపోయాయి. కొత్త పాస్‌వర్డు కాగితంమీద వ్రాసి ఇచ్చాను. మా కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకునితో మాట్లాడి వాడికి ఫోనులో పాఠాలు చెప్పించాను. తప్పిపోయిన అధ్యాయాలు కొంతవరకు కూడుకొన్నాయి. వాడు ఆ తరువాత ఇంజనీరింగులో చేరాడు. అయితే ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఉన్నంతకాలమూ, పాస్‌వర్డు చేతిలో ఉన్నా, ప్రతిరోజూ పాఠం ముందు తలుపు తట్టి “మాస్టారూ, కలుపుకోమంటారాండీ?” అని అడిగి గాని వాడు వైఫై వాడలేదు. అడగనక్కరలేదని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. ఆ తలుపు చప్పుడు వినబడినప్పుడల్లా నేను చేసిన పని నాకు గుర్తుకు వచ్చేది.

యంత్రం సంగతి సరిదిద్దడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ చిత్రాల ఫోల్డరును వేరేచోటికి మార్చాం. మిగిలినవి పాఠాలు లేని రాత్రివేళల్లో మాత్రమే పంపేట్లు, అదీ సెకనుకు ఇంత అని పరిమితి పెట్టి, అమర్చుకొన్నాం. ‘మీటర్డ్ కనెక్షన్’ అనే ఒక అమరిక ఉన్నది. ఈ తీగకు కొలత ఉన్నదని కంప్యూటర్‌కు చెప్పడం అన్నమాట. అట్లా చెబితే పెద్ద దించుబాట్లలో అనేకం అది తనంతట తాను వాయిదా వేస్తుంది. మీ ఫోన్లలోనూ ఇటువంటి ఏర్పాటు ఉన్నది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7లో ‘డేటా సేవర్’ అనే సదుపాయం చేర్చారు. దానిని తెరిస్తే, మీరు అనుమతించిన యాప్‌లు తప్ప తక్కినవి నేపథ్యంలో డేటా వాడలేవు. రోజుకు ఒకటిన్నర జీబీతో చదువు సాగించుకొనే పిల్లలు ఇది తెలుసుకోవడం మంచిది. ఫోను అమరికల్లో ఏ యాప్ ఎంత డేటా వాడినదో, అందులో తెర వెనుక వాడినది ఎంతో విడివిడిగా చూపే పట్టిక కూడా ఉంటుంది. నెలకొకసారి దానిని తెరిచి చూడండి. గట్టు నడవడమంటే అదే.

ఇది విని, నేపథ్యపు పనులన్నిటినీ ఆపివేయడమే మేలని మీలో కొందరు అనుకోవచ్చు. అది పొరపాటు. 2017 మే 12న ‘వన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచాన్ని చుట్టుముట్టింది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని నాడు పత్రికలు వ్రాశాయి. ఆ దాడికి దారి ఇచ్చిన లోపానికి దిద్దుబాటు అదే సంవత్సరం మార్చి 14నే విడుదలయింది. నేపథ్యంలో దిద్దుబాటును దించుకొన్న కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది. డేటా ఖర్చని, పనికి అడ్డమని దిద్దుబాట్లను ఆపినవారు, ఆపినట్లు మరిచినవారు ఆ దారిని తెరిచే ఉంచారు. కాపలావాడు తినే అన్నాన్ని మిగుల్చుకొందామని వాణ్ణి పంపివేస్తే ఏమవుతుందో అదే అయింది.

తెరవెనుక ఉన్నవారందరూ మంచివారని కూడా అనలేం. 2016లో ‘మిరాయ్’ అనే ప్రోగ్రాం నిఘా కెమెరాల్లోకి, రౌటర్లలోకి చొరబడింది. తయారీదారు పెట్టిన పాస్‌వర్డును యజమానులు మార్చకపోవడమే దానికి ద్వారం. ఆ కెమెరాలు ఎప్పటివలెనే పనిచేస్తూ, యజమానికి తెలియకుండా పరాయివాడి ఆజ్ఞమీద ఇతరులపై దాడికి దిగాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అనేక ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. కనుక పట్టికలో తెలియని పేరు కనబడినప్పుడు దానిని వెంటనే చంపడమూ తగదు, ఉపేక్షించడమూ తగదు. అది ఎవరిదో, ఎక్కడినుంచి వచ్చిందో, ఏమి పంపుతున్నదో విచారించాలి. విచారణ తరువాతనే తీర్పు.

సాహిత్య విద్యార్థిగా నాకు తోచినది ఒక్కమాట చెప్పి ముగిస్తాను. మనిషి మనసులోనూ మనం పిలవని ప్రక్రియలు నడుస్తూ ఉంటాయి. ఆ ఆగస్టు సాయంత్రం పాస్‌వర్డు మార్చినప్పుడు నా ముందువరుసలో ఉన్నది ‘డేటా అయిపోయింది’ అన్న ఒక్క ఆలోచనే. దాని వెనుక నేను చూడనివి వేరే ఉన్నాయి. ఉపకారం చేశానన్న గర్వం ఉన్నది. లేనివారి పిల్లవాణ్ణి సులువుగా అనుమానించే అలవాటు ఉన్నది. అదే డేటా మా బంధువుల పిల్లవాడు వాడి ఉంటే, ముందు వాణ్ణే పిలిచి “ఏమైందిరా, చూడు” అని అడిగేవాణ్ణి. ఈ తేడా నా లోపల ఎప్పటినుంచి ఉన్నదో నాకు తెలియదు. కంప్యూటర్‌కు మూడు మీటలు నొక్కితే పట్టిక తెరుచుకొంటుంది. మనసుకు అటువంటి మీటలు లేవు.

ఇప్పటికీ కంప్యూటర్ నెమ్మదించినప్పుడు నేను ముందు ఆ పట్టిక తెరుస్తాను. పేర్లన్నీ ఒకసారి చదువుతాను. ఏ పని ఎవరు చేస్తున్నారో తెలిసేదాకా ఎవరినీ ఏమీ అనను.